రజాకార్ల లొల్లి, యాక్షన్, ముక్తిసంగ్రామ్: ఒక్క యుద్ధానికి మన భివండీలో ఎన్ని పేర్లు?

పోయిన సెప్టెంబర్‌ల మా పద్మానగర్‌ల ఒక బ్యానర్ కాడ పంచాది అయింది. పదిహేడో తారీఖు చిన్న సభ పెట్టాలె, పెద్దోళ్ళతోటి నాలుగు ముచ్చట్లు చెప్పియ్యాలె అని గల్లీ పిల్లలు అనుకున్నరు. తెలుగు తప్పుల్లేకుండ రాస్తడని బ్యానర్ పని నాకు అప్పజెప్పిండ్రు. కాయితం మీద "తెలంగాణ విమోచన దినం" అని రాసి చూపిస్తే ఒక పెద్దాయన "విమోచన కాదు, విలీనం అని రాయి" అన్నడు. ఇంకొకాయన "సాయుధ పోరాటం అన్న మాట లేకుంటే నేను మైకు కాడికే రాను" అన్నడు. మా కార్ఖానాల సాంచాలు నడిపే నాందేడ్ దోస్తు అక్కడనే నిలబడి ఉండె. "మా దిక్కు ఆ రోజు ముక్తిసంగ్రామ్ దిన్. జెండా ఎగిరేస్తరు. ఇండ్ల కొట్లాట ఏముంది?" అని నవ్విండు.

మా నాయిన అప్పటిదాక ఏం మాట్లాడలె. ఆఖరికి "మా అమ్మ బతికుంటే మీరు చెప్పే ఈ మాటలల్ల ఒక్కటి గూడ ఆమెకు సమజ్ కాకపోవు" అన్నడు.

ఆ మాట పట్టుకొనే ఇది రాస్తున్న. మా నానమ్మ ఆ యుద్ధం చూసింది. అందుల ఆమె సొంత అన్న పోయిండు. అయినా ఆమె నోట విమోచన, విలీనం, సాయుధ పోరాటం అన్న మాటలు నేను ఎన్నడూ వినలె. మరి ఆమె ఏమనేది? అమ్మమ్మ ఏమనేది? మన పక్కన సాంచా నడిపే మరాఠీ ఆయన, సోలాపూర్ చుట్టాలు, బీదర్ నుంచి వచ్చిన చాచా ఏమంటరు? ఏండ్ల నుంచి నేను నోటుబుక్కుల రాసుకున్నవి ఇక్కడ ఒక్క తీరుగ పెడుతున్న.

ముందు ఆ యుద్ధం ఏందో క్లుప్తంగా

నిజాం హైదరాబాద్ రాజ్యంలో 16 జిల్లాలు ఉండేవి. ఎనిమిది తెలుగువి, అయిదు మరాఠీవి, మూడు కన్నడవి. 1947 ఆగస్టులో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా నిజాం ఇండియన్ యూనియన్‌లో కలవలేదు. అప్పటికే నల్గొండ, వరంగల్ పల్లెల్లో దొరల మీద, వెట్టి మీద రైతులు లేచి ఉన్నారు. 1946 జులై 4న జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అది పెద్ద మలుపు. లాతూర్ వకీలు కాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు ఊళ్ళ మీద పడ్డారు. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో ఊరినే చుట్టుముట్టి జనాన్ని చంపారు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం దిగింది. 17న నిజాం లొంగిపోతున్నట్టు రేడియోలో చెప్పాడు. 18న ఆయన సేనాపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లొంగిపోయాడు. కానీ తెలంగాణ పల్లెల్లో కమ్యూనిస్టు దళాలకూ సైన్యానికీ మధ్య పోరు ఆ తర్వాత కూడా నడిచింది. 1951 అక్టోబర్ 21న పార్టీ పోరాటాన్ని విరమించింది.

అంటే లెక్క ఎక్కడ మొదలు పెడతమో దాన్నిబట్టి ఇది అయిదు రోజుల యుద్ధం కావచ్చు, అయిదేండ్ల యుద్ధం కావచ్చు. పేర్ల పంచాది అంతా ఇక్కడనే ఉంది.

నానమ్మ మాట: "సంఘం"

మా నాయిన వాళ్ళది జనగామ దిక్కు. అప్పట్ల జనగామ నల్గొండ జిల్లాల ఉండె. నానమ్మ ఆ కాలాన్ని "సంఘం వచ్చినప్పుడు", "సంఘమున్న రోజులల్ల" అనేది. ఆమెకు సంఘం అంటే ఆంధ్ర మహాసభ. పేరులో ఆంధ్ర ఉన్నా అది నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ళ సంస్థ. తర్వాత్తర్వాత అది కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. ఊళ్ళల్ల మాత్రం ఆ పొడుగు పేరు ఎవరూ అనకపోయేది, సంఘం అంటే సరిపోయేది. అందుల ఉన్నోళ్ళు "సంఘపోళ్ళు". చేతుల కర్రలు పట్టుకొని తిరిగేటోళ్ళు గనుక నల్గొండ దిక్కు "గుత్పల సంఘం" అని గూడ అంటరు. గుత్ప అంటే దుడ్డుకర్ర.

ఈ మాట మా ఇంట్ల ఎంత లోతుకు పోయిందో చెప్తా. నాయిన 1960ల చివర భివండీ వచ్చి సాంచాల పనిల చేరిండు. కొన్నేండ్లకు నానమ్మను తెచ్చుకున్నడు. ఒకనాడు పని నుంచి వచ్చి సంబురంగ "అమ్మా, సంఘంల మెంబర్ అయిన" అని చెప్పిండట. అది పద్మశాలి కుల సంఘం. పెండ్లిళ్ళకు గిన్నెలు, చావుకు సాయం, పండుగకు చందా, అంతే. నానమ్మ లేచి తలుపు గొళ్ళెం పెట్టింది. "నీకు భార్య లేదా, పిల్లలు లేరా, నీ మామను చూసి గూడ బుద్ధి రాలేదా" అని ఏడ్చిందట. ఆమె అన్న సంఘంల తిరిగిండు. నాయిన చెప్పిన లెక్క ప్రకారం ఆయన పోయింది 1949ల, మిలిటరీ చేతుల. అంటే బ్యానర్ల మీద మనం రాసే "విమోచన" అయిన మరుసటేడు.

నానమ్మకు సెప్టెంబర్ 17 అన్న తారీఖే తెల్వది. రజాకార్లు పోయిండ్రు, మిలిటరోళ్ళు వచ్చిండ్రు, అన్న రాలె. ఆమె లెక్కల యుద్ధం ఆడ ఆగలేదు. అందుకే "సంఘం" అన్న పేరుకు మొదలుంది గాని తుది లేదు.

అమ్మమ్మ మాట: "రజాకార్ల లొల్లి"

అమ్మమ్మ వాళ్ళది సిరిసిల్ల దిక్కు. నల్గొండ అంత బలంగా అక్కడ సంఘం లేదు. అసలే లేదని కాదు: 1948 మార్చిలో హుస్నాబాద్ దగ్గరి మహ్మదాపూర్ గుట్టల్లో అనభేరి ప్రభాకరరావు దళం నిజాం పోలీసుల కాల్పుల్లో నేలకొరిగింది. కానీ అమ్మమ్మ ఊరి యాదిల మిగిలింది దళం కాదు, భయం. ఆమె మాట "రజాకార్ల లొల్లి". ఒక్కోసారి "రజాకార్ల గడబిడ" అనేది.

లొల్లి అన్న మాట గురించి ఒక సంగతి. కోస్తా దిక్కు వాళ్ళు వింటే ఇదేదో చిన్న గొడవ, కేకలు అనుకుంటరు. మన దగ్గర నల్లా కాడి కొట్లాట లొల్లే, ఊరు తగలవడ్డా లొల్లే. మాట చిన్నది గాని అందుల ఎంత పడుతదో చెప్పేటోళ్ళ గొంతును బట్టి తెలుస్తది. అమ్మమ్మ ఆ మాట అన్నప్పుడల్లా గొంతు తగ్గించేది.

తాత మాట వేరే. ఆయన మగ్గం మనిషి. ఆ ఏండ్లను "నూలు దొరకని కాలం" అనేటోడు. ఒకదిక్కు నూలు మీద కంట్రోల్, ఇంకోదిక్కు యూనియన్ సర్కారు నిజాం రాజ్యానికి పోయే సరుకుల మీద పెట్టిన కట్టడి. మగ్గం ఆగితే నేతోనికి అదే యుద్ధం. ఈ పేరు ఏ పుస్తకంల నాకు కనవడలె. మీ ఇండ్లల్ల ఎవరన్న అట్ల అంటే నాకు తప్పక చెప్పుండ్రి.

అందరి మాట: "యాక్షన్"

జనగామ అయినా, సిరిసిల్ల అయినా, మరాఠ్వాడా అయినా, బీదర్ అయినా అందరి నోట ఉండే మాట ఒక్కటుంది: "యాక్షన్", లేకుంటే "పోలీస్ యాక్షన్". చదువు రాని ముసలోళ్ళు గూడ ఇది ఇంగ్లీషు మాట అనుకోకుండ వాడుతరు. "యాక్షనప్పుడు నేను చంకల పిల్లను", "యాక్షన్ అయినంక రెండేండ్లకు నీ నాయిన పుట్టిండు." పుట్టినరోజు కాయితాలు లేనోళ్ళకు ఇదే క్యాలెండర్. రేషన్ కార్డుల, ఆధార్‌ల వయసు రాయించేటప్పుడు మా గల్లీల ఎంతమందికో ఈ లెక్కనే పనికొచ్చింది.

అసలు సైన్యం వస్తే పోలీస్ యాక్షన్ అని ఎందుకన్నరు? సైన్యం ఆ పనికి పెట్టుకున్న గుప్త పేరు ఆపరేషన్ పోలో. వచ్చినవి ట్యాంకులు, విమానాలు. కానీ యుద్ధం అంటే రెండు దేశాల మధ్య జరిగేది అని అర్థం వస్తుంది. హైదరాబాద్ అప్పటికే తన గోడును ఐక్యరాజ్య సమితి భద్రతామండలి దాకా తీసుకుపోయింది. ఇది మా ఇంటి లోపలి సంగతి, శాంతిభద్రతల కోసం తీసుకున్న చర్య అని చెప్పడానికి ఢిల్లీకి "పోలీస్" అన్న మాట కావలసి వచ్చింది. ఢిల్లీల లెక్క చూసి పెట్టిన ఆ మాట మన పల్లెల్లో ముందరి "పోలీస్" ఊడిపోయి ఒట్టి యాక్షన్‌గా మిగిలింది.

వచ్చినోళ్ళను ఏమన్నరు అన్నది గూడ చూడాలె. నానమ్మకు వాళ్ళు "మిలిటరోళ్ళు". అమ్మమ్మకు "యూనియనోళ్ళు". ఇండియన్ యూనియన్‌ల యూనియన్ అది. భివండీల పుట్టిన మా పిల్లలకు యూనియన్ అంటే కార్మికుల యూనియన్, పగార్ పెంచాలె అని జెండా పట్టేది. "యూనియనోళ్ళు వచ్చి రజాకార్లను ఎల్లగొట్టిండ్రు" అంటే సాంచాల కార్మికులు పోయి కొట్టిండ్రా అని మా పెద్దోడు నిజంగనే అడిగిండు.

పక్క సాంచా మీది మాట: "ముక్తిసంగ్రామ్"

భివండీల ఉన్న లాభం ఇదే. పాత హైదరాబాద్ రాజ్యం 1956 నవంబర్ 1న మూడు రాష్ట్రాలల్లకు పోయింది. ఆ మూడు ముక్కల మనుషులు ఇక్కడ ఒక్క కార్ఖానాల దొరుకుతరు.

నాందేడ్, బీడ్, పర్భణీ, ఉస్మానాబాద్, ఔరంగాబాద్ - ఈ అయిదు జిల్లాల వాళ్ళకు ఇది "మరాఠ్వాడా ముక్తిసంగ్రామ్". అక్కడ పోరాటం నడిపింది ముఖ్యంగా స్టేట్ కాంగ్రెస్, స్వామి రామానంద తీర్థ. నాందేడ్ యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టుకున్నరు. వాళ్ళ కథల నిజాం ఉన్నడు, రజాకార్లు ఉన్నరు, యూనియన్‌ల కలవాలె అన్న కోరిక ఉంది. సైన్యం సోలాపూర్ నుంచి నల్‌దుర్గ్ మీదుగ వచ్చింది, యుద్ధం ముగిసింది. దానికి సెప్టెంబర్ 17 సరిగ్గ సరిపోతది. అందుకే నా దోస్తుకు మన కొట్లాట అర్థం కాలె. మహారాష్ట్ర సర్కారు జెండా ఎగిరేస్తది, పేరు మీద పేచీ లేదు. కానీ ఆయన ఇంట్ల ముసలామె ఏమంటదని అడిగితే "రజాకారీ" అన్నడు. ముక్తిసంగ్రామ్ బడిల నేర్చుకున్న మాట, రజాకారీ ఇంటి మాట. మన అమ్మమ్మ మాటకు దగ్గరి చుట్టం.

సోలాపూర్ల ఉన్న మా చుట్టాలకు కన్నడ ఇరుగు పొరుగు ఎక్కువ. గుల్బర్గా, బీదర్, రాయచూర్ దిక్కు వాళ్ళు "రజాకారర హావళి" అంటరట. హావళి అంటే మీద పడి చేసే ఆగడం. అక్కడ సర్కారు దాన్ని హైదరాబాద్-కర్ణాటక విమోచన దినం అనేది. 2019ల ఆ ప్రాంతం పేరు కల్యాణ కర్ణాటక అని మారినంక ఆ రోజు పేరు గూడ కల్యాణ కర్ణాటక ఉత్సవ్ అయింది.

కోస్తా దిక్కు పెద్దోళ్ళను అడిగితే "నైజాం గొడవలు" అన్నరు. వాళ్ళకు మన ప్రాంతం పేరే నైజాం. సినిమావాళ్ళు ఇప్పటికీ నైజాం ఏరియా కలెక్షన్లు అంటరు గదా. పుస్తకాలల్ల ఉండే "తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం" అన్న పేరును దేశమంతటా తెలిసేటట్టు చేసిన వాళ్ళలో నెల్లూరు జిల్లాల పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య ఒకరు. ఆ పేరు తప్పని నేను అనను. యుద్ధం దొర గడీ ముందట మొదలైంది అని చెప్పేది అదొక్కటే. కానీ అది పార్టీ క్లాసుల నుంచి, పుస్తకాల నుంచి ఊళ్ళకు వచ్చిన మాట. నానమ్మ సంఘం ఆ పేరుకంటే ముందటిది.

మెల్లగ చెప్పే మాట

మా కార్ఖానా మూల మీద చాయ్ పోసే చాచాది బీదర్ దిక్కు. ఆయన గూడ "పోలీస్ యాక్షన్" అనే అంటడు. కానీ మనం అన్నట్టు కాదు. మన ఇండ్లల్ల యాక్షన్ అంటే లొల్లి సద్దుమణిగిన రోజు. ఆయన ఇంట్ల లొల్లి మొదలైన రోజు. ఆ సెప్టెంబర్‌లో, ఆ తర్వాత కొన్ని వారాల్లో ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద ఘోరమైన దాడులు జరిగాయి. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ మొత్తం రాజ్యంలో 27,000 నుంచి 40,000 మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. చదువుకున్న ఉర్దూవాళ్ళు ఆ రోజులను "సుఖూతె హైదరాబాద్" అంటారు, అంటే హైదరాబాద్ పతనం. చాచాకు ఆ పెద్ద మాట అక్కర్లేదు. "యాక్షన్‌లో మా తాత పోయిండు" అని ఒక్కసారి చెప్పిండు, గ్లాసులు కడుక్కుంట. మళ్ళ నేను అడగలె.

"యాక్షన్" అన్న మాట మా ఇద్దరి నోట ఒక్కటే. అర్థం తలకిందులు. పద కోశంల ఒక్క మాటకు ఒక్క అర్థం రాసి గీత గీస్తే తప్పయితదని నాకు అప్పుడు తెలిసింది.

"రజాకార్" అన్న మాటతో పైలం

ఇది మన భివండీలనే జరిగే సంగతి. ఒక వానకాలం నీళ్ళు ఇండ్లల్లకు వచ్చినప్పుడు యూపీ నుంచి వచ్చిన మోమిన్ నేతగాళ్ళ పిల్లలు పడవ తాళ్ళు, రొట్టెలు పట్టుకొని మా గల్లీకి వచ్చిండ్రు. ఎవరు మీరు అంటే ఒక పిల్లగాడు "హమ్ రజాకార్ హై" అన్నడు. మా పక్కింటి అవ్వ బుగులుతోటి లోపలికి ఉరికింది. ఆ పిల్లగాని తప్పు లేదు, అవ్వ తప్పు లేదు. ఉర్దూల రజాకార్ అంటే వాలంటీర్, తన ఇష్టంతోటి సేవ చేసేటోడు. ఆజంగఢ్, మవూ వాళ్ళకు అది మంచి మాట. నిజాం రాజ్యంల బతికినోళ్ళకు అది వేరే. తెలంగాణ తెలుగుల కనికరం లేనోన్ని "రజాకారోడు" అని తిడుతరు. బంగ్లాదేశ్‌లో కూడా 1971 తర్వాత అది తిట్టే. అక్కడ పాకిస్తాన్ సైన్యానికి తోడు నిలిచిన వాళ్ళను రజాకార్లు అన్నారు. 2024లో ఢాకా విద్యార్థుల ఉద్యమంలో ఆ మాట మీదనే పెద్ద దుమారం లేచింది.

నాకు బుగులు ఎక్కడంటే, మన పిల్లలు కొందరు ఆ మాటను ఇప్పుడు ఎదురుగల్లీ మనిషి మతం చూసి వాడుతున్నరు. 1970, 1984 అల్లర్లు చూసిన ఊరు ఇది. అమ్మమ్మ నోట రజాకార్ అంటే తుపాకి పట్టుకొని ఊరి మీద పడ్డోడు. ఆమె రొట్టెల బట్టీ ఆయనను ఆ మాట అనలె, చూడి అమ్మేటాయనను అనలె. పెద్దోళ్ళ మాట తీసుకుంటే వాళ్ళ హద్దు గూడ తీసుకోవాలె.

సర్కారు పేర్లు

ఇది మీకు తెలిసిందే గనుక తొందరగ చెప్తా. 2022లో ఒక్క సెప్టెంబర్ 17నే హైదరాబాద్‌లో కేంద్రం "విమోచన దినోత్సవం" చేసింది, రాష్ట్రం "జాతీయ సమైక్యతా దినం" చేసింది. 2024లో కేంద్రం విమోచన పేరును గెజిట్‌ల పెట్టింది. అదే ఏడు రాష్ట్రంల కొత్త సర్కారు "ప్రజాపాలన దినోత్సవం" అన్నది. కమ్యూనిస్టులు తమ పేర్లు తాము అన్నరు. ఈ పేర్లన్నీ ఒక్క రోజుకు పెట్టినవి. మన ముసలోళ్ళ పేర్లు రోజుకు పెట్టినవి కావు, కాలానికి పెట్టినవి. సంఘమున్న రోజులు, రజాకార్ల లొల్లి, నూలు దొరకని కాలం. రోజును పట్టుకుంటే నానమ్మ అన్న అందుల వడడు. కాలాన్ని పట్టుకుంటే ఆయన గూడ ఉంటడు, చాచా తాత గూడ ఉంటడు.

అందుకే మీ ఇంట్ల ముసలోళ్ళుంటే "విమోచన గురించి చెప్పు" అని అడగకుండ్రి. "నాకేం తెల్వది బిడ్డా" అంటరు. నేను ఆ తప్పు చేసి రెండేండ్లు పోగొట్టుకున్న. "యాక్షనప్పుడు నువ్వు ఎంతుంటివి?" అని అడగుండ్రి. "మీ ఊర్ల సంఘం ఉండెనా?", "నూలు ఏడికెల్లి తెచ్చేటోళ్ళు?" అని అడగుండ్రి. వాళ్ళు అన్న మాటను మన పుస్తకం మాటలకు మార్చకుండ, ఊరి పేరుతో సహా అట్లనే రాసుకోండ్రి. యాక్షనప్పుడు పదేండ్లున్నోళ్ళు ఇప్పుడు తొంభైకి దగ్గర పడ్డరు. ఎక్కువ టైం లేదు.

బ్యానర్ సంగతి చెప్పలేదు గదా. ఆఖరికి దాని మీద ఏ పేరూ రాయలె. "1946-1951: మన పెద్దోళ్ళ యాదులు" అని రాసినం. సాయుధ పోరాటం అన్న పెద్దాయన ఏండ్లు చూసి ఒప్పుకొని మైకు కాడికి వచ్చిండు. విలీనం అన్నాయన రాలె, ఇప్పటికీ నాతోటి సరిగ్గ మాట్లాడుతలేడు. చాచా సభకు చాయ్ పంపిండు, పైసలు తీసుకోలె. నాయిన మొట్టమొదటిసారి తన మామ పేరు మైకుల చెప్పిండు.